ఐదు గంటల రొద

“ఐదు కాగానే మొదలైంది, చూశావా అన్నా” అన్నాడు గిటారిస్టు, తీగల మీద అరచెయ్యి ఆనించి.

అతను ఆపినా, గిటారు శబ్దాన్ని పెంచే ఆంప్ పెట్టె ఆపలేదు. రేకు డబ్బాలో పడ్డ తుమ్మెదలా గుక్క తిప్పుకోకుండా రొద పెడుతోంది. మెకానిక్ దాని ముందు గొంతుక్కూర్చుని చెవి ఒగ్గాడు.

“ఇది ఆంప్ రోగం కాదు తమ్ముడూ. పొద్దున షాపులో పెట్టి చూశాను. పసిపాపలా పడుకుంది. ఉంటే గింటే రోగం నీ గదిలోనే ఉంది.”

“ఆరింటికల్లా పాట స్టూడియోకి పంపాలి. మూడు నిమిషాలు, రొద లేకుండా. ఇవాళ కూడా కుదరకపోతే ఆంప్ నువ్వే పట్టుకెళ్లిపో. నాకిక వద్దు.”

“అంత మాటెందుకులే.”

“నాలుగేళ్లుగా వాయిస్తున్నాను. నెట్‌లో పెట్టిన పాట తొమ్మిదిసార్లు విన్నారని చూపిస్తోంది. అందులో ఏడుసార్లు నేనే.”

“మిగతా రెండూ?”

“నువ్వేననుకున్నాను.”

“నేనొక్కసారే విన్నాను” అన్నాడు మెకానిక్. అబద్ధం ఆడటం అతనికి రాదు.

ఇద్దరూ పనిలో పడ్డారు. ట్యూబ్‌లైటు ఆపారు. రొద ఓ పిసరు తగ్గింది. లాప్‌టాప్ చార్జర్ పీకారు. ఇంకో పిసరు. ఆంప్‌ని వేరే ప్లగ్గుబోర్డుకి తగిలించారు. వంటింట్లో ఫ్రిజ్ కూడా ఆపారు. అందులో సగం నిమ్మకాయ, ఒక పెరుగు గిన్నె తప్ప ఏమీ లేవు కాబట్టి దానికేం నష్టం లేదు. అడుగున ఉన్న సన్నటి హోరు పోయింది కానీ, పైనున్న ఆ డర్రుమనే రొద మాత్రం జిడ్డులా వదల్లేదు.

“నీ ఫోనెక్కడుంది? దగ్గర్లో ఉంటే ఆంప్ ఇలాగే గోల పెడుతుంది.”

“ఆపేసి వంటింట్లో పెట్టాను.”

“ముఖ్యమైన ఫోన్లేమైనా వస్తాయేమో?”

“ఎవరు చేస్తారన్నా.”

మెకానిక్ లేచాడు. గిటారు మెడలో వేసుకుని, ఏ మూలకి వెళ్తే రొద తగ్గుతుందో చూడమన్నాడు. గిటారిస్టు చీకటి గదిలో గిటారుతో గిరగిరా తిరిగాడు, దారి తప్పిన పెళ్లికొడుకులా. ఎటు తిరిగినా అంతే. చివరికి మెకానిక్ ఆంప్‌నే పట్టుకుని, పక్కింటి గోడ దగ్గర్నుంచి నాలుగడుగులు ఇవతలికి జరిపాడు. రొద సగానికి పడిపోయింది.

“దొరికింది దొంగ. ఆ గోడలో ఏదో పాత వైరుంది. పట్టు, అటు చివరికి మోసేద్దాం.”

ఎదుటి గోడ దాకా మోశారు. వెనక ఒక బొంత నిలబెట్టారు. సౌండ్ తగ్గించి, మైకుని స్పీకరుకి జానెడు దూరంలో పెట్టారు. గిటారిస్టు ఊపిరి బిగబట్టి స్విచ్ వేశాడు.

ఏమీ లేదు. గోడ గడియారం అడుగులేస్తున్న చప్పుడు వినిపించేంత నిశ్శబ్దం. మెకానిక్ మీసంలో నవ్వుకుని, ఆ గడియారాన్ని కూడా తీసుకెళ్లి స్నానాలగదిలో పెట్టాడు.

మొదటిసారికే పాట కుదిరింది. మూడు నిమిషాలూ అద్దంలా వచ్చింది. ఐదూ నలభైకి పంపేశాడు.

“వెళ్లింది” అన్నాడు.

“ఇంకేం. ఎవరికైనా చెప్పు మరి” అన్నాడు మెకానిక్ సామాను సర్దుకుంటూ. గిటారిస్టు “నీకు చెప్పాను కదా” అన్నాడు.

మెకానిక్ వెళ్లిపోయాక అతను ఆంప్ ఆపాడు. ఇల్లు మరీ ఖాళీగా అనిపించింది. ఇన్నాళ్లూ తిట్టుకున్నాడు గానీ, ఆ రొద ఉన్నంతసేపూ గదిలో ఇంకెవరో ఉన్నట్టుండేది. స్టూడియోవాళ్లకి ఇలాంటి పాటలు వందలు వస్తాయి. చెవిటివాడి ముందు శంఖం ఎంత శుభ్రంగా ఊదితే ఏం లాభం? రేపు పొద్దున మెకానిక్‌ని పిలిచి ఆంప్ ఇచ్చేద్దామనుకున్నాడు.

తలుపు మీద ఎవరో మెల్లగా తట్టారు.

పక్కింటి కొత్త పెళ్లికూతురు. వచ్చి మూడు నెలలైనా, ఆమెని మెట్ల మీద తప్ప చూసింది లేదు. చేతిలో ఫోన్ పట్టుకుని, లోపలికి తొంగిచూడాలా వద్దా అన్నట్టు నిలబడింది. గిటారిస్టుకి విషయం అర్థమైపోయింది.

“క్షమించండి, రోజూ మీ ప్రాణం తీస్తున్నట్టున్నాను. ఆంప్ అటు గోడకి మార్చేశాను. ఇక మీకు వినపడదు.”

“అందుకేనా” అంది ఆమె. ముఖం చిన్నబోయింది. “ఆ గోడకే మళ్లీ మార్చకూడదా అన్నయ్యగారూ?”

“ఆ గోడకా?” అన్నాడతను.

“మా ఆయన కొండల్లో సొరంగం తవ్వే క్యాంపులో ఉంటారండీ. ఐదింటికి మీరు మొదలుపెట్టగానే ఆయనకి ఫోన్ కలిపి గోడకి ఆనించి పెడతాను, రోజూ.” దొంగ గోడలో వైరు కాదు, ఈ ఫోనన్నమాట. ఆమె గొంతు తగ్గించి, ఫోన్ అతని ముందుకి చాపింది. “ఇవాళ మధ్యలో ఆగిపోయిందని క్యాంపులో పద్దెనిమిది మందీ టీ కూడా తాగకుండా లైన్లోనే కూర్చున్నారు, మీకు ఒంట్లో బాగుందో లేదో కనుక్కోమని.”