తండ్రితో రావలెను

సూసమ్మ టీచర్‌కి ఆ వారంలో అది నాలుగో విచారణ.

సోమవారం హాస్టల్ గోడ దూకినవాళ్లు. మంగళవారం ఫుట్‌బాల్ మ్యాచ్ గెలిచామని నడిరోడ్డు మీద టపాకాయలు కాల్చినవాళ్లు. బుధవారం ఇంకెవరో. క్రమశిక్షణ కమిటీ నెత్తిన పడ్డాక, క్లాసులో ఆవిడ చెప్పే పాఠాలకంటే ఈ గదిలో వినే సంజాయిషీలే ఎక్కువయ్యాయి.

శుక్రవారం నివేద్ వంతు. బీకాం మూడో సంవత్సరం. పది రోజుల క్రితం కాలేజీ స్టాపులో ఒక ప్రైవేటు బస్సు కండక్టర్‌ని కిందికి లాగి గొడుగుతో కొట్టాడు. మెళ్లో కాలేజీ కార్డు వేలాడుతూనే ఉంది. బస్సు ఓనర్లు ఫిర్యాదు పంపారు. కుర్రాణ్ణి పంపించేసేదాకా ఒక్క బస్సూ కాలేజీ దగ్గర ఆగదన్నారు. అన్నట్టే ఆగడం లేదు. పాలక్కాడ్ రోడ్డు జంక్షన్ నుంచి రెండు కిలోమీటర్లు వానలో నడిచొచ్చి, పన్నెండు వందల మంది తడిబట్టలతో పాఠాలు వింటున్నారు.

ఎందుకు కొట్టావంటే నివేద్‌ది ఒకటే మాట.

"కొట్టాను టీచర్. తప్పే."

అంతకు మించి నోరు పెగల్లేదు. దాంతో నోటీసు వెళ్లింది. శుక్రవారం తండ్రితో రావలెను, రానిచో టీసీ.

తండ్రి వచ్చాడు.

నలభై దాటి ఉంటాయి. తెల్ల పంచె, ఇస్త్రీ చేసిన పొడుగు చేతుల చొక్కా. కుర్చీ చూపిస్తే అంచున, ఒక పక్కకి ఒరిగి కూర్చున్నాడు.

"మూడేళ్లలో ఒక్క మీటింగ్‌కీ రాలేదు మీరు," అంది సూసమ్మ టీచర్.

"రాలేకపోయాను టీచర్."

"ఇప్పుడు తీరిందా? మీ వాడి ప్రతాపం ఊరంతా చూశాక?" ఆల్బిన్ సార్ అందుకున్నాడు. కమిటీలో రెండో సభ్యుడు. టీసీ ముందే టైపు చేయించి తెచ్చుకున్నాడు.

ఆ మనిషి తల వంచుకున్నాడు. "దెబ్బ అంత పెద్దది కాదు సార్. భుజం మీద నాలుగు కుట్లు. చెయ్యి పైకెత్తితే లాగుతుంది, అంతే."

"అంతేనా! అదే మీకు తగిలుంటే తెలిసేది."

పక్కన నిలబడ్డ నివేద్ నేల చూపులు చూస్తున్నాడు.

ఆయనే మొదలుపెట్టాడు. "తప్పు అవతలివాడిది కూడా ఉంది టీచర్. రాయితీ టికెట్టు పిల్లలంటే వాడికి చిరాకు. ఆ రోజు ఓ పిల్ల ఒక కాలు మెట్టు మీద పెట్టిందో లేదో, బెల్లు కొట్టేశాడు. బండి కదిలింది, పిల్ల రోడ్డు మీద పడింది. మోచెయ్యి విరిగింది. పడ్డదాన్ని చూసి నవ్వాడు కూడా."

సూసమ్మ టీచర్ రాస్తున్న కలం ఆగింది. "ఇది ఫిర్యాదులో లేదే! ఎవరా అమ్మాయి?"

"పేరు అడక్కండి. బస్సు దగ్గర గొడవని తెలిస్తే ఇంట్లోవాళ్లు చదువు మాన్పించేస్తారట. మెట్ల మీద జారానని చెప్పుకుంది. అందుకే వీడు నోరు విప్పలేదు."

నివేద్ చటుక్కున తలెత్తాడు. "చెప్పనన్నారుగా!"

"పేరు చెప్పలేదురా."

ఆల్బిన్ సార్ నవ్వాడు. "బాగా అల్లారండీ. నవ్వానని ఆ కండక్టర్నే వచ్చి చెప్పమనండి, చూద్దాం."

"చెప్తే వాడి పని పోతుంది సార్. ఫిర్యాదు రాసింది ఓనరు. వాడు సంతకం పెట్టాడంతే. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది వచ్చే ఏడు ఇలాగే బస్సెక్కి కాలేజీకెళ్లాలి. ఆ పడ్డ పిల్ల చేతికి కట్టు చూశాక సిగ్గుతో చచ్చిపోయాడు."

"ఇవన్నీ మీకెలా తెలుసు?" అడిగింది టీచర్.

"మాట్లాడుకున్నాం టీచర్. వీడు కూడా ఆసుపత్రికెళ్లి వాడి కాళ్లు పట్టుకున్నాడు. మీకు చెప్పి ఉండడు."

చెప్పలేదు.

సూసమ్మ టీచర్ కళ్లద్దాలు తీసి కళ్లు నొక్కుకుంది. ఆ కుర్చీలో ఎందరు తండ్రులు కూర్చున్నారో లెక్కలేదు. కొడుకు చెంప అక్కడికక్కడే పగలగొట్టినవాళ్లు, మంత్రిగారు తెలుసన్నవాళ్లు, మా వాడు అలాంటివాడు కాదని బల్ల గుద్దినవాళ్లు. దెబ్బ తిన్నవాడి గురించి ఇంతసేపు మాట్లాడినవాణ్ణి మాత్రం ఆవిడ చూడలేదు.

"మరి బస్సుల సంగతి?"

"సోమవారం నుంచి ఆగుతాయి. మిగతా కండక్టర్లకి నచ్చజెప్పుకుంటానన్నాడు వాడు. బెల్లు వాళ్ల చేతిలోదేగా టీచర్."

ఆవిడ కాగితం ముందుకు లాక్కుంది. "రెండు వారాలు సస్పెన్షన్. తర్వాత మూడు నెలలు, సాయంత్రాలు ప్రభుత్వాసుపత్రిలో రోగులకి సాయం. ఒక్క రోజు ఎగ్గొట్టినా టీసీ ఇచ్చేస్తాను. విన్నావా?"

"విన్నాను టీచర్."

"మీ ఇష్టం," ఆల్బిన్ సార్ టీసీని నాలుగు మడతలు పెట్టాడు. "గేటు బయట గొడవలు కూడా మనమే మోద్దాం."

తండ్రి సంతకం అన్నచోట ఆ మనిషి, పెన్ను ఎడమ చేతిలోకి మార్చుకుని, మెల్లగా పెట్టాడు.

"మీలాంటి తండ్రి ఉండి కూడా వీడు..." అంది సూసమ్మ టీచర్. మాట పూర్తి చేసే ఓపిక లేకపోయింది. బయట ఐదో విచారణవాళ్లు అప్పుడే వచ్చి నిలబడ్డారు.

ఇద్దరూ గేటు దాటి, జంక్షన్ వైపు సగం దారి నడిచాక, నివేద్ ఆగి ఆయన్ని అడిగాడు: "నేను కొట్టిన చోట ఇంకా నొప్పిగా ఉందా, కండక్టరన్నా?"