పారిస్‌లో మామ

ఇరాక్ కువైట్‌ను ఆక్రమించి నెల దాటింది. జోర్డాన్‌లోని అమ్మాన్ పోయే బస్సులో భారతీయులు తప్ప ఎవరూ ఉండకూడదని ఇరాకీ సైనికుడు ఒక్కొక్కరినీ లేపి చూస్తున్నాడు.

"నా బిడ్డే సార్," అంది కడప గురమ్మ, బొట్టు పెట్టుకున్న నాలుగేళ్ల పాపను దగ్గరికి లాక్కుని.

అతను పాప చేతిలోని పుస్తకం తీసుకున్నాడు. అన్నీ పారిస్ బొమ్మలే. ఇనుప టవరు, నదిలో పడవలు, గాజు పిరమిడ్.

"ఇక్కడ ఎవరున్నారు?" అని అరబ్బీలో అడిగాడు.

"మామా," అంది పాప, టవరు మీద వేలు పెట్టి.

సైనికుడి మొహం మారింది. "వాళ్లమ్మ అక్కడుంటే నువ్వెవరు?"

"మా భాషలో మామ అంటే అమ్మకు తమ్ముడు సార్. నా తమ్ముడు ఆ ఊర్లో డ్రైవరు," అంది గురమ్మ, వచ్చీరాని అరబ్బీలో.

అతను పుస్తకం తిరిగిచ్చేశాడు. బస్సు కదిలింది.

గురమ్మకు తమ్ముళ్లు లేరు.

పాప పడవల పేజీ తిప్పింది. "గురమ్మా, రేపు మామా ఈ పడవెక్కుతాదా?"

గురమ్మ గబుక్కున పాప నోరు మూసింది. చెమటకు కరిగిన బొట్టు మళ్లీ దిద్దింది.

"ఎక్కుతాదిలే. నిన్ను కన్న మా కువైట్ మేడమ్ చేతుల్లో పెట్టేదాకా నన్ను అమ్మా అనే పిలువు తల్లీ."