గోల్‌కీపరు మనవడు

గుణశేఖర్ చేతిలో ఆ రోజుకు ఉన్నవి రెండే. కాణిపాకంలో పన్నెండడుగుల పూజాసామాన్ల అంగడి, దాన్ని ఖాళీ చేయడానికి నలభై రోజుల గడువు. రోడ్డు వెడల్పు చేస్తున్నారు. ఒక్కగానొక్క కొడుకు సునీల్‌కుమార్‌ను ఇకమీదట ఎక్కడ కూర్చోబెట్టాలా అని అతను ఆలోచిస్తుండగా, బాలసుబ్రమణ్యం అనే పెద్దమనిషి వచ్చి టెంకాయల తట్ట పక్కన ఒక పాత ఫోటో పెట్టాడు.

“ఈ చివర నిలబడినాయనది ఐరాల. పేరు మురుగేష్. ఈయన మనవళ్లు ఎవరన్నా ఈడ ఉండారా?”

ఫోటోలో పదకొండు మంది కుర్రాళ్లు, ఒక బంతి. ఎవరికీ బూట్లు లేవు. కింద తెల్ల సిరాతో 1912 అని ఉంది.

“ఎందుకు సార్?”

“ఎప్పుడో మూతపడిన కాలేజీ ఫుట్‌బాల్ జట్టు ఇది. కెప్టెన్ మా తాత. ఈయన గోల్‌కీపరు. ఈయన మనవడికి ఐరాల రోడ్డులో ఐదు సెంట్లు రాసియ్యాల. మా పెద్దల మాట.”

ఐరాల రోడ్డులో ఐదు సెంట్లంటే ఏమిటో గుణశేఖర్‌కు తెలుసు. అతని తాతదీ ఐరాలే. పేరూ మురుగేషే. ఆ కాలంలో ఆ ఊళ్లో వీధికి నలుగురు మురుగేష్‌లు ఉండేవాళ్లు.

“ఆయన మా తాతే సార్,” అన్నాడు.

వెనక పసుపు పొట్లాలు కడుతున్న అతని భార్య అమల చేయి ఆగింది.

బాలసుబ్రమణ్యం ఒక్క ప్రశ్న కూడా వేయకుండా నమ్మాడు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. “అయితే అంతా చెప్పాల. చెప్పకుండా ఇయ్యకూడదు. ఆ ఏడాది ఏడు ఆటలాడినారు. మీ తాత పాత పంచె చించి కాళ్లకు చుట్టుకునేవాడు. ఆరు ఆటల్లో ఒక్క గోలూ పోనీలేదు. యాడ చూసినా ఆయన పేరే. ఇంక గోలు పోవడమంటే ఆయనకు పరువు పోవడమే. ఏడోది వేలూరులో, కప్పు ఆట. మనోళ్లది ఒక గోలు, వాళ్లది సున్నా. ఇంకొక్క నిమిషం ఉండాదనంగా అవతలి కుర్రోడొకడు ఒంటిగా బంతి తీసుకొచ్చినాడు. మీ తాత మోకాలు వాని పొట్టలో దిగింది. తెల్లారేసరికి ఆ కుర్రోడు పోయినాడు.”

“తెలిసే కొట్టినాడా?”

“తెలిసే. కప్పు ఎనక్కియ్యమని వాళ్లు పంచాయితీ పెట్టినారు. మీ తాత ఈ గుడికే వచ్చి, తడిబట్టలతో ప్రమాణం చేసినాడు, నా మోకాలు తగల్లేదని. కప్పు మాకు దక్కింది. దానికే ఈ నేల.”

ఆయన బొటనవేలు ఫోటోలో గోల్‌కీపరు మొహాన్ని పూర్తిగా కప్పేసింది.

“ఇంకోటి. ఆ ప్రమాణం తర్వాత ఆ ఇంట్లో ఏ తరంలోనూ పెద్దకొడుకు ముప్పై దాటలేదంట. నిజమేనా?”

“నిజమే సార్. మా అన్న ఇరవై ఏడుకే పోయినాడు.” లేని అన్నను గుణశేఖర్ అక్కడికక్కడే చంపేశాడు.

“మీకు పిల్లలు?”

“ఒకడే.”

“వయసు?”

“ఇరవై ఎనిమిది.”

బాలసుబ్రమణ్యం తల దించుకున్నాడు. ఫోను మోగితే తీశాడు. “నరేంద్రా, జ్వరం తగ్గిందా? మాత్ర ఏసుకో నాయనా.” ఫోను పెట్టేసి, “మా పెద్దోడు. నెలగా ఇంతే,” అన్నాడు. “మీరు కాగితాలేం చూపించనక్కర్లేదు. ఆయన మనవణ్ణని గుళ్లో ప్రమాణం చేస్తే సాలు.”

ఆయన అటు వెళ్లగానే అమల ముందుకొచ్చింది. “మీ తాత బంతి ఎప్పుడు తన్నినాడబ్బా? బతికినన్నాళ్లూ గొర్రెల ఎనకాల తిరిగినాడు.”

“గొర్రెలు చేలో పడకుండా ఆపేది మాత్రం గోలు కాసేది కాదా?”

“ఎగతాళా? లేని అన్నను చంపినావు. ఈ దేవుడి ముందర దొంగ ప్రమాణం కూడానా? ఒక్కడే బిడ్డ మనకు.”

“ముప్పై ఏండ్లుగా ప్రమాణాలకు పోయేటోళ్లకు టెంకాయలమ్ముతుండా. అబద్ధమాడినోళ్లు యాడికీ పోలేదు. మరుసటేడు మళ్లా వచ్చి నాతోనే బేరమాడినారు. ఆ శాపం ఏమన్నా ఉంటే ఆ వంశానికి. మనకేం?”

అయినా జాగ్రత్త పడ్డాడు. ముందు రిజిస్ట్రేషన్, తర్వాతే ప్రమాణం అన్నాడు. అదీ సునీల్‌కుమార్ పేరు మీదే కావాలన్నాడు. బాలసుబ్రమణ్యం అన్నిటికీ తలూపాడు. అంత సులువుగా ఒప్పుకున్న మనిషిని గుణశేఖర్ తన అంగడిలో ఎన్నడూ చూడలేదు. అనుమానమొచ్చింది. కానీ పత్రాలు ఎటు తిప్పి చూసినా మచ్చ లేదు.

గురువారం రిజిస్ట్రేషన్ అయింది. సంతకం పెట్టడానికి వచ్చిన సునీల్‌కుమార్‌ను బాలసుబ్రమణ్యం ఒకసారి చూసి, మళ్లీ అటువైపు తిరగలేదు.

శుక్రవారం పొద్దున గుణశేఖర్ తల మీద నీళ్లు పోసుకుని, తడి పంచెతో దేవుడి ముందు నిలబడ్డాడు. బాలసుబ్రమణ్యం ఒక్కో మాటే అందించాడు. ఇతను పలికాడు.

“ఏడో ఆటలో గోలు కాసిన మురుగేష్ నాకు తాత. ఆయన గెలిచింది నాది. ఆయన చేసిందీ నాదే. నా తర్వాత నా కొడుకుది.”

చివరి మాటకు ముందు ఆగాడు. అక్కడితో ఆపేసి బయటికి రావచ్చు. కళ్ల ముందు ఐరాల రోడ్డు మెదిలింది. పలికేశాడు.

బయటికొచ్చాక బాలసుబ్రమణ్యం ఫోటో తెచ్చి అతని చేతిలో పెట్టాడు. “ఇది ఇంక మీ ఇంట్లోనే ఉండాల.”

గుణశేఖర్ నీళ్లోడుతూనే లెక్క చూసుకున్నాడు. పోయింది నాలుగు మాటలు. వచ్చింది ఐదు సెంట్ల నేల, కొడుకు పేరుతో. ముప్పై ఏళ్ల వ్యాపారంలో ఇంత లాభం ఎన్నడూ కళ్లజూడలేదు.

కాస్త దూరంలో బాలసుబ్రమణ్యం ఫోను చెవిన పెట్టుకుని ఏడుస్తున్నాడు.

“నరేంద్రా, గోలు కాసిన మా తాతకు ఇంకో మనవడు దొరికినాడు నాయనా. ఇంక నీకేం కాదు.”