గోడ వరకే

"కమిటీకి గోడ వరకే హక్కమ్మా. గెరాన్ మీద నేదు."

కారం ఆడించుకోవడానికి వచ్చిన ముసలాయన తెలుగులో ఆ మాట అనేసరికి విజయలెచ్చుమి పిండిమర ఆపేసింది.

గెరాన్ అంటే ఇంటి పట్టా. పాత వీధిని కాపాడే వారసత్వ కమిటీ, ఇళ్ళ పట్టాలన్నీ మర్నాటి మీటింగుకు తెచ్చి తమకు అప్పగించాలని ఉత్తరం పంపింది. ఇకమీద పేరు మార్చాలన్నా తమ అనుమతి కావాలట. విజయలెచ్చుమికి వచ్చేవారమే కొట్టున్న ఇంటిని కూతురు షామిని పేర రాయాలని ఉంది. పొద్దుట్నించీ మర దగ్గర అదే గొణుగుతోంది.

"రంగు మార్చాలంటే ఆళ్ళని అడగాల, కిటికీ పీకాలంటే అడగాల. కూతురికి ఇవ్వడానికి ఆళ్ళనెందుకమ్మా అడగడం? రేపు మీటింగులో గెరాన్ ఇవ్వకండి."

"మీరేటి, లాయరా?"

"కాదమ్మా."

"మరి బ్రోకరా?"

ముసలాయన నవ్వాడు. దాంతో ఆమెకు అనుమానం గట్టిపడింది. అంతా అరవమే వినిపించే బ్రిక్‌ఫీల్డ్స్‌లో ముక్కూమొహం తెలియనివాడు తెలుగు మాట్లాడాడంటే చందాకైనా వచ్చుండాలి, ఇల్లు బేరానికైనా వచ్చుండాలి.

"గెరాన్ నా కాడుంటేనే కదా మీ బేరం! ఎల్లండి, అంకిల్!"

పొట్లం చేతిలో పెట్టి గుమ్మం దింపేసింది.

మర్నాడు మీటింగులో చైర్మన్ ఇళంగోవన్ పట్టా కోసం చెయ్యి చాచాడు.

విజయలెచ్చుమి సంచిలో చెయ్యి పెట్టింది. పక్కనున్న షామినిని చూసింది. బ్రోకరు చెప్పినా న్యాయం న్యాయమే కదా!

ఉత్తి చెయ్యే బయటికొచ్చింది.

"నా కూతురి పేర రాస్తే గోడ కూలిపోద్దా? గెరాన్ అడిగే హక్కు మీకుందని ఏ రూల్లో ఉందో చూపించండి!" అరవంలో దులిపేసింది.

గుమాస్తా వాసుకి రూల్సు పుస్తకం అటూ ఇటూ తిరగేసింది. అలాంటిదేమీ లేదు. ఇళంగోవన్ చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వీధి వాళ్ళంతా పట్టాలు మళ్ళీ సంచుల్లో పెట్టుకున్నారు.

విజయలెచ్చుమికి మీసాలుంటే అప్పుడే మెలేసేది.

బయటికొచ్చాక వాసుకి అరవంలో అడిగింది. "అక్కా, ఈ మాట మీకెవరు చెప్పారు?"

"ఎవరో తెలుగు బ్రోకరు. నిన్న తరిమేశాను."

"పోలయ్యగారు బ్రోకరా!" వాసుకి నుదురు కొట్టుకుంది. "గుమ్మం గుమ్మానికీ తిరిగారు, అందరూ తరిమినవాళ్ళే. పొద్దున్నే గది ఖాళీ చేసి ఊరొదిలి వెళ్ళిపోయారు."

విజయలెచ్చుమికి ప్రాణం చివుక్కుమంది. "ఇంతకీ ఎవరాయన?"

"ఈ కమిటీ పెట్టిందీ, ఈ రూల్సు రాసిందీ ఆయనేనక్కా, పట్టాల జోలికి పోవద్దన్నందుకే వీళ్ళు చైర్మన్ కుర్చీలోంచి దింపేశారు."