ఏడో నంబరు కోటు

"ఏడో నంబరు మీ ఆవిడేగా? వడదెబ్బకి ప్రాణం పోయింది" అని మేస్త్రీ ఫోన్ చేశాడు. ఆటోడ్రైవరు పడుతూ లేస్తూ రోడ్డు పని దగ్గరికొచ్చాడు.

తారు పీపాల పక్కన శవం. మొహం మీద తువ్వాలు, ఒంటి మీద ఆడకూలీలకి కంపెనీ ఇచ్చిన ఎండకోటు, దానిమీద ఏడో నంబరు. మేస్త్రీకి నంబర్లే తెలుసు, మొహాలు తెలియవు.

అతను గుండెలు బాదుకుంటుంటే, నీళ్ల ట్యాంకరు వైపు నుంచి ఒకామె పరుగున వచ్చి మొహానికి కట్టుకున్న గుడ్డ లాగేసింది. భార్య!

"బతికే ఉన్నావా! పోయిన ప్రాణం లేచొచ్చిందే!" ఏడుస్తూనే నవ్వాడు. "మరి నీ కోటు?"

ఆమె కళ్లు శవం మీదే ఉన్నాయి.

"కొత్తగా చేరిందని తనకింకా కోటివ్వలేదయ్యా. ఎండకి తాళలేదని పొద్దున నేనే తొడిగాను... మీ చెల్లికి."