మగ్గాల చప్పుడు

"చెప్పు అత్తమ్మా. సారంగపాణి సారును కాల్చిన రోజు నువ్వేం చూసినవ్?"

అనసూర్య చేతిలోని నూలు కండె కింద పెట్టింది. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీల్లో ఇద్దరు కూర్చున్నారు. అడుగుతున్నతను తన పేరు శేఖర్ అని చెప్పుకున్నాడు. రెండోవాడు లావుపాటి మనిషి. ఒళ్లో కెమెరా పెట్టుకుని, కుర్చీని గుమ్మానికి అడ్డంగా వేసుకున్నాడు. సమాజంలో తుపాకీ హింస ఎందుకు పెరుగుతోందో డాక్యుమెంటరీ తీస్తున్నామన్నారు. పొద్దున్నే కాజీపేటలో రైలు దిగామన్నారు. అలా తీసేవాళ్లెవరో వస్తారని వారం నుంచి గల్లీ అంతా అనుకుంటూనే ఉంది.

కెమెరా కంటికి నల్లటి మూత అలాగే ఉంది. అనసూర్య అది చూసింది. వెంటనే చూపు తిప్పుకుంది.

"నాకేం ఎరుక నాయనా. గల్లీ మొత్తం పవర్‌లూమ్‌లే. మగ్గాలు నడుస్తాన్నయ్. ఆ చప్పుట్ల ఏం ఇనవడ్తది?"

"మరి ఇయ్యాల నీ మగ్గం బందున్నదేంది?"

"పోగులు తెగినయ్."

"సారు ఇల్లు నీ కిటికీకి ఎదురుంగనే గదా."

"కిటికీల నిలవడే తీరిక ఎక్కడిది? పోలీసులకు గూడ గదే చెప్పిన."

కిటికీ అవతల సారు గేటుకు తాళం వేలాడుతోంది. గల్లీలో ప్రతి ఆడమనిషినీ 'చెల్లే' అని పిలిచిన బడిపంతులు.

శేఖర్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఆ రోజు అమావాస్య గదా అత్తమ్మా. అమావాస్య నాడు మీరు మగ్గం ముట్టరంట?"

ఆమె కింద పెట్టిన కండె మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"ఆర్డర్లుంటే అమావాస్య ఎక్కడిది నాయనా. కడుపు ఊకుంటదా?"

శేఖర్ నవ్వాడు. "మంచిగ చెప్పినవ్. సరే గని, మనుషులు తుపాకి ఎందుకు పడ్తరంటవ్?"

"నాకేం ఎరుక. సదువుకున్నోళ్లు, మీరే చెప్పున్రి."

"చెప్తే ఇననోళ్లుంటరు గదా. పరకాల రోడ్డు ప్లాటు ఇడ్సిపెట్టుమని సారుకు రెండు మార్లు చెప్పిచ్చినం. ఇనలే. పంతుళ్లతోని గదే తిప్పలు. ఆళ్లు చెప్పుడే గని, ఒకలు చెప్తే ఇనరు."

లావుపాటి మనిషి దగ్గాడు. శేఖర్ నోరు మూసుకున్నాడు.

"మీరు చెప్పిచ్చిన్రా?" అంది అనసూర్య.

"ఎవలైతే ఏంది? నీకైతే ఏం ఇనవడలే గదా." అతను లేచి నిలబడ్డాడు. "ఇంకెవలన్న కెమెరా పట్టుకొని అస్తే గూడ గిదే చెప్పు. మగ్గాలు నడుస్తాన్నయ్, అంతే. నీ బిడ్డ డ్యూటీకి ములుగు బస్సుల ఒక్కతే పోయొస్తాందట. జర పైలం."

ఇద్దరూ వెళ్లిపోయారు. బైకు శబ్దం గల్లీ చివర మలుపు తిరిగేదాకా ఆమె కదల్లేదు. తర్వాత తలుపు గడియ పెట్టింది. కూతురికి ఫోన్ చేసింది.

"ఇయ్యాల ఇంటికి రాకు శ్రీలతా. మీ మేనత్త కాడనే ఉండు. ఎందుకని అడగకు."

ఫోన్ పక్కన పెట్టి, లోపలి గది పరదా తొలగించింది. నూలు మూటల వెనక, వాళ్లకంటే ముందే వచ్చిన అసలు డాక్యుమెంటరీ అమ్మాయి ముడుచుకుని కూర్చుంది. ఒక చేత్తో నోరు నొక్కుకుంది. రెండో చేతిలో ఉన్న కెమెరాకు మూత లేదు. దాని ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది.

"ఆళ్లు చెప్పింది రికార్డయ్యింది గదా ఇందూ," అంది అనసూర్య. "ఇగ నన్ను అడుగు బిడ్డా. ఆ రోజు మగ్గాలు నడవలే."