చేబదులు పెట్టె

“మంగళవారం ఒక్కరోజే సాయంత్రంలోగా పంతొమ్మిది వేల అడుగులు నడిచారా, జోగులమ్మగారూ?” అని అడిగాడు డాక్టరు సూర్యప్రకాష్, కంప్యూటరు మీంచి కళ్ళు తిప్పకుండానే.

జోగులమ్మ గుండె గుభేలుమంది. అసలే అది నీరసపు గుండె. రక్తాన్ని సరిగ్గా తోడలేకపోతోందని, అందుకే పాదాలు వాస్తున్నాయని, నాలుగడుగులకే ఆయాసం వస్తోందని పోయిన శనివారమే ఈ డాక్టరు చెప్పాడు. మాత్రలు రాశాడు. అగ్గిపెట్టెంత నల్లటి పెట్టె ఒకటి నడుముకి కట్టించి, వారం రోజులు విప్పొద్దన్నాడు. పెట్టె సంగతి చూశాక, విశాఖ పెద్దాసుపత్రిలో చేర్చాలో అక్కర్లేదో తేలుస్తానన్నాడు.

ఆ విశాఖ మాటే జోగులమ్మని కుదురుగా ఉండనివ్వలేదు. కూతురు చిట్టి తొలి కాన్పుకి వచ్చి ఉంది, నెలలు నిండాయి. పురుడు పొయ్యాల్సిన తల్లే ఆసుపత్రి మంచమెక్కితే ఆ పిల్లకి దిక్కెవరు? ఇప్పుడు కూడా చిట్టి పక్క కుర్చీలో ఆయాసపడుతూ కూర్చుని తల్లి మొహంలోకే చూస్తోంది.

డాక్టరు వదల్లేదు. బుధవారం పొద్దుట్నుంచి సాయంత్రం దాకా మొత్తం పదకొండు అడుగులట. గురువారం రోజంతా నిలబడ్డచోటే నిలబడి ఊగిందట. అదేం వ్యాయామమో తనకి తెలియడం లేదన్నాడు. పెట్టె చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. అంచుల్నిండా పసుపు, నడిమధ్య కుంకుమ బొట్టు.

“ఇదేమిటి?”

అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు. ఆ విద్య జోగులమ్మకి రాదు. ఉన్నదున్నట్టు చెప్పేసింది.

పెట్టె కట్టుకున్న మర్నాడే ఆమెకి ఊపిరి తేలికపడింది. పని చేసింది మాత్రలే గానీ, పేరు పెట్టెకి వచ్చింది. ఆ మాట కుళాయి దగ్గర అంది. కుళాయి దగ్గరన్న మాట బిందె నిండేలోపే వీధి చివరికి చేరుతుంది. సోమవారం వీధి చివరింటి సోమలమ్మ మోకాళ్ళ నొప్పులకని పట్టుకెళ్ళింది. మంగళవారం ఆటో గంగులు నడుం నొప్పికని కట్టుకుని, కొయ్యూరు రోడ్డులో మూడు ట్రిప్పులు వేశాడు. ఆ దారిలో ఎన్ని గోతులుంటే పెట్టె అన్ని అడుగులు లెక్కేసింది. బుధవారం రామాయమ్మ వంతు. అంత మహిమ గలదాన్ని ఒంటికి కట్టుకుంటే అపచారమని ఆవిడ దేవుడి గూట్లో పెట్టి కొబ్బరికాయ కొట్టింది. గురువారం సింహాద్రమ్మ పాలు చేపని గేదె మెడలో కట్టింది. అది రోజంతా నెమరు వేస్తూ నిలబడింది. శుక్రవారం కూడా దానికే కట్టింది.

ఒంటికి మేలు చేసేదాన్ని దాచుకుంటే ఆ మేలు మనకి దక్కదని జోగులమ్మ నమ్మకం. అడిగినవాళ్ళకి లేదనకుండా పగటిపూట ఇచ్చింది, రాత్రి తను కట్టుకుంది.

డాక్టరు నెత్తి పట్టుకున్నాడు. అది మందూ కాదు, తాయెత్తూ కాదు, అడుగులు లెక్కపెట్టే యంత్రమని మొత్తుకున్నాడు. వారం రోజుల లెక్క వరాహ నదిలో కలిసిందన్నాడు. “మీరెంత నడవగలరో తెలియకుండా ఇక్కడే ఉంచితే రేపు మీకేదైనా అయితే నాదే పాపం. సోమవారం విశాఖ వెళ్ళి చేరండి,” అని ఉత్తరం రాయడానికి కాగితం లాగాడు.

జోగులమ్మకి ఏడుపొచ్చేసింది.

“బాబూ, నన్ను పంపీకండి. పగలంటే ఇచ్చీసినాను గానీ, పొద్దుగూకేసరికి ఏ రోజుకారోజు తెచ్చీసుకున్నాను. కావాలంటే చిట్టిని అడగండి.”

డాక్టరు పెన్ను ఆగింది. “ఎవరు తెచ్చారు?”

“ఇంకెవులు తెస్తారు? దీన్ని చూస్తే నిండు సూలాలు. నానే ఎల్లాను.”

“ఆటోలోనా?”

“గంగులు ఆటో కట్టీసి ఇంటికెల్లిపోయాడు. ఆడిల్లు పెదబొడ్డేపల్లి దారిలో. నడిసే ఎల్లాను. సింహాద్రమ్మ పశువులపాక కాలవ అవతల. తిరిగొచ్చినప్పుడు నడుంకి కట్టీసుకునే వచ్చాను బాబూ, ఎక్కడా పారీలేదు.”

డాక్టరు మళ్ళీ కంప్యూటరు వైపు తిరిగాడు. పగటి లెక్కల గందరగోళంలో ఇందాక పట్టించుకోలేదు గానీ, ప్రతి సాయంత్రం ఆరు దాటాక ఒకే తీరు నడక కనిపిస్తోంది. సోమవారం వీధి చివర్నుంచి ఇంటికి రావడానికి అయిదుసార్లు ఆగింది. మంగళవారం అంతకు రెండింతల దూరానికి నాలుగుసార్లు. గురువారం కాలవ అవతల్నుంచి వస్తూ ఒక్కసారి. నిన్న శుక్రవారం అదే దారిలో అసలు ఆగనే లేదు.

లేచి వచ్చి ఆమె పాదం మీద బొటనవేలితో నొక్కి చూశాడు. పోయిన వారం సొట్ట పడిన చోట ఇవాళ గుర్తు కూడా నిలవలేదు. నాడి చూశాడు, ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నాడు. వెళ్ళి కుర్చీలో కూర్చుని, విశాఖ ఉత్తరం చింపి బుట్టలో పడేశాడు. మందుల చీటీ తీసుకుని నాలుగు ముక్కలు రాసి, పెట్టెతో సహా చిట్టి చేతికిచ్చాడు.

జోగులమ్మ కళ్ళు తుడుచుకుంది. “ఏటి రాసారే? బేగి సదువు.”

చిట్టి ఒకసారి తనలో తను చదువుకుని, నవ్వాపుకుంటూ పైకి చదివింది:

“మాత్రలు అవే. పెట్టె రోజూ పొద్దున్నే ఎవరికో ఒకరికి చేబదులివ్వాలి. సాయంత్రం జోగులమ్మగారే నడిచివెళ్ళి తెచ్చుకోవాలి. గేదెకిచ్చినా పర్వాలేదు, పాక మాత్రం దూరంగా ఉండాలి.”